సర్పంచ్ గారి కారుకి నీళ్లు

సువార్తమ్మ ఇంటి వసారాలో నీళ్ల డ్రమ్ము మీద మూతగా పెట్టిన రేకుని నేను మొదట గుర్తుపట్టలేదు. కాలనీలో ఏ ఇంటి ముందు చూసినా అలాంటి నీలం డ్రమ్ములే, వాటి మీద ఏదో ఒక మూత. ఒకరు పాత తలుపు చెక్క పెట్టారు, ఇంకొకరు విరిగిన బల్ల పైభాగం పెట్టారు. సువార్తమ్మ లోపల్నించి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, నీడ చూసి వేసింది. కూర్చున్నాక నా కళ్లు ఆ రేకు మీద పడ్డాయి. దాని మీద నిలబడ్డ కోడిపెట్ట కాస్త పక్కకి జరిగేసరికి ఎర్రరంగు మీద తెల్లటి అక్షరం ఒకటి కనపడింది. 'ర్పం'. అటూ ఇటూ పెయింటు పెచ్చులు లేచిపోయి ఇంకేమీ మిగల్లేదు. నాకు ఆ ఒక్క అక్షరం చాలు. మా నాన్న రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంటే, ఎదురుగా అరుగు మీద నిలబడి పళ్లు తోముకున్నదాన్ని. అమ్మ పోయాక ఆవిడ చీరల్లో మంచిదొకటి, మా పనులకి ఏళ్ల తరబడి వచ్చిన సువార్తమ్మకి ఇవ్వాలని మంగళగిరి నుంచి పనిగట్టుకుని వచ్చాను. చీర సంచి ఒళ్లో ఉంది. దాన్ని తీసి ఇవ్వడానికి చెయ్యి లేవలేదు.

మా ఊరు అప్పటి ప్రకాశం జిల్లాలో, మార్టూరు దాటాక లోపలికి ఉంటుంది. మిరప, పత్తి, కాస్త పొగాకు. మెయిన్ రోడ్డు మీదికి పోవాలంటే ఊరి చివరి కాలనీ ముందునుంచే పోవాలి. మా పొలాల్లో మిరపకాయ కోసేదీ, పత్తి తీసేదీ ఆ కాలనీ వాళ్లే. వాళ్ల చర్చి గంట వింటే మా ఇంట్లో ఆదివారమని గుర్తొచ్చేది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పంచాయతీ ఆడవాళ్లకి రిజర్వయింది. అంతకుముందు నుంచీ సర్పంచ్ కావాలని ఉవ్విళ్లూరుతున్న నాన్న కొన్నాళ్లు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత అమ్మని నిలబెట్టాడు. 'నిలబెట్టాడు' అన్న మాట మా వైపు అందరూ మామూలుగా వాడేదే, అందులో తప్పేముందో అప్పట్లో ఎవరికీ తోచలేదు. గెలిచిన రోజు దండలన్నీ నాన్న మెళ్లో పడ్డాయి. సర్పంచ్ గారు వంటింట్లో వచ్చినవాళ్లందరికీ టీ పెడుతోంది. అమ్మ పేరు సామ్రాజ్యం.

ఆ నెలలోనే మా ఇంటికి కారొచ్చింది. ఒంగోల్లో ఒక పొగాకు వ్యాపారి వాడి వాడి వదిలేసిన డీజిల్ అంబాసిడర్. దాని వెనకే పేట నుంచి పెయింటరొచ్చాడు. మా వైపు పేట అంటే చిలకలూరిపేటే. రేడియేటర్‌కి గాలి పోయే ఇనప జాలీ ముందు, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా, బంపరుకి బోల్టులతో బిగించే రేకు బోర్డు. "పేరు ఎవరిది వెయ్యమంటారండీ?" అని పెయింటరు అడిగాడు. నాన్న కాసేపు మీసం దువ్వుకున్నాడు. "పేరెందుకయ్యా, ఊళ్లో తెలీందెవరికి? హోదా వెయ్యి చాలు" అన్నాడు. అట్లా ఎవరి పేరూ లేకుండా 'సర్పంచ్' అని పెద్దక్షరాలూ, కింద పంచాయతీ పేరు చిన్నక్షరాలూ పడ్డాయి. వాకిట్లోకి వచ్చి చూసిన అమ్మ, "ఇంత పెద్దదా?" అంది. "చిన్నదైతే ఎవరికి కనపడుద్దే?" అన్నాడు నాన్న. ఆ కార్లో ఎవరు కూర్చుంటే వాళ్లే సర్పంచ్. కూర్చునేది నాన్న.

నాన్నని నేను తేలిగ్గా మాట్లాడలేను. ఆయన చిన్నప్పుడు మా తాతది కౌలు సేద్యం. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వేసుకుని పోతే గేటు దగ్గర కసిరి పక్కకి నెట్టేవాళ్లట. ఎండలో లారీ నీడన కూర్చుని పిలుపు కోసం చూసేవాళ్లట. ఇద్దరూ తెచ్చుకున్న సద్ది అక్కడే విప్పుకుని తింటుంటే ఎవడో వచ్చి లెమ్మన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు నాన్న గొంతు ఆయన్ని ఇప్పుడే అక్కణ్నించి లేపినట్టుండేది. బోర్డు పెట్టాక అదే గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి ఆ సలాం చేసి చూపించాడు. ఒకసారి కాదు, మేమంతా నవ్వేదాకా. అందుకే ఆ బోర్డు ఆయనకి రేకు కాదు. ఇది తెలిసీ నాకు ఆయన మీద కోపం పోదు. కోపం పోదని సిగ్గు కూడా వేస్తుంది.

కారు మొదట్నించీ కాగేది. మా ఇంట్లో 'కాగింది' అన్న మాట పాలకీ కారుకీ ఒకటే అయిపోయింది. ఊళ్లో తిరిగినంతసేపు బుద్ధిగా ఉండేది. హైవే ఎక్కి కాస్త వేగం అందుకుందంటే చాలు, వేడి చూపించే సూది ఎర్రగీత మీదికి పోయేది, బానెట్ కింద నుంచి ఆవిరి. పైగా సీజన్లో ఆ కారు డిక్కీలో, వెనక సీట్లో, కాళ్ల కింద మిర్చి టిక్కీలే. ఆ పొడి ఇంజను మీద పేరుకుపోయేది. కాగిందంటే పోపు మాడినట్టు ఘాటైన కోరు. దారిన పోయేవాళ్లు దగ్గుతూ, తుమ్ముతూ, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "సర్పంచ్ గారి కారు కాగినట్టుందిరోయ్" అనుకునేవాళ్లు. మా డ్రైవరు బాజీ గోనెపట్టా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పేవాడు. నేను వెనక సీట్లో తల వంచుకుని చున్నీ అంచు కుచ్చులు లెక్కపెడుతున్నట్టు కూర్చునేదాన్ని. మా కాలేజీ బస్సు పక్కనుంచి పోయేటప్పుడైతే సీటు కిందికి జారిపోయేదాన్ని. అప్పుడు నా సిగ్గంతా కారు ఆగిపోయిందనే. సిగ్గుపడాల్సింది వేరే ఉందని ఇంకా తెలీదు.

పేటలో మేస్త్రి మా కారుకి చెయ్యని వైద్యం లేదు. ముందు రబ్బరు గొట్టాలు మార్చాడు. తర్వాత ఫ్యాను బెల్టు. ఆ తర్వాత లోపల వేడిని బట్టి నీళ్లు వదిలే చిన్న పరికరం ఒకటుంటుందట, అదే దొంగని దాన్ని పీకి అవతల పారేశాడు. రేడియేటర్ విప్పి, దాని నాళాల్లోకి సన్నటి ఊచలు దూర్చి, పట్టిన మడ్డంతా గీకించాడు. నీళ్ల పంపు మార్చాడు. బోర్డు విప్పితే గానీ రేడియేటర్ బయటికి రాదు. కాబట్టి విప్పి, బాగుచేసి, బోర్డు లేకుండానే హైవే మీద తిప్పి చూసేవాడు. సూది కదిలేది కాదు. "చూడండి, ఇక పాలు పెట్టినా కాగవు" అని నవ్వి, బోర్డు బిగించి తాళాలిచ్చేవాడు. సగం దారిలో కాగేది. ఆ మేస్త్రికి అసలు సంగతి తెలియదంటే నేను నమ్మను. సర్పంచ్ బోర్డు తీసెయ్యమని సర్పంచ్ గారి మొగుడితో ఎవరు చెబుతారు?

ఇంతలో ఎలక్షన్లొచ్చాయి. అసెంబ్లీవో, పార్లమెంటువో, రెండూ కలిపో. కోడ్ అమల్లోకొచ్చిందనీ, బళ్ల మీద హోదా బోర్డులు తీసెయ్యాలనీ మండలం ఆఫీసు నుంచి మనుషులొచ్చి చెప్పిపోయారు. నాన్న మొహం వేలాడేసుకుని బోర్డు విప్పించి అటక మీద పెట్టించాడు. కోడ్ ఉన్నన్నాళ్లూ ఎండలు మండిపోయాయి, కారు గుంటూరు పోయింది, ఒంగోలు పోయింది, వాడరేవు సముద్రం దాకా కూడా పోయింది. ఒక్కసారీ కాగలేదు. ఘనతంతా నీళ్ల పంపుదే అనుకున్నాం. కోడ్ ఎత్తేసిన మర్నాడే నాన్న బోర్డు దింపి, కిరసనాయిలు గుడ్డతో తళతళలాడించి బిగించాడు. ఆ సాయంత్రం మార్టూరు దాటకుండానే మిరపకోరు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న మేస్త్రిని తిడుతుంటే, అమ్మ మజ్జిగ వంచుతూ అంది, "కోడున్నన్నాళ్లు కాగలేదు గదండీ."

"అయితే?"

"బోర్డు తీశారు గదా అప్పుడు. గాలాడింది. ఒకసారి తీసి చూస్తే పోయిద్ది గదా."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. విన్న వెంటనే ఆయనకి అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఆ మొహం తప్పు లెక్క దొరికిపోయిన పిల్లాడి మొహం. "బోర్డు తీసేస్తే మనం ఎవరం?" అన్నాడు. తెల్లారి బాజీకి కొత్త ఆర్డరు. డిక్కీలో ఎప్పుడూ నీళ్ల క్యాన్లు ఉండాలి, కాగినప్పుడల్లా ఆగి పొయ్యాలి. రోగం ఏమిటో తెలిసింది, మందు కూడా తెలిసింది, అయినా మేం నీళ్లు మోసుకుంటూ తిరిగాం. ఇంటిల్లిపాదిమీ.

ఆ వేసవిలో కాలనీ బోరు ఎండిపోయింది. ఊళ్లో మా వీధి పంపులు కూడా సన్నగిల్లాయి గానీ, వాళ్లకి అసలు చుక్క లేదు. రోజు విడిచి రోజు ట్రాక్టరు ట్యాంకరు వచ్చేది. నాన్న మండలం మీటింగులకి అమ్మ బదులు పోతూనే ఉన్నాడు. కాలనీ నీళ్ల సంగతి ఎత్తానంటాడు గానీ, పొలాల కాలువ సంగతి ఎత్తినంత గట్టిగా ఎత్తలేదని అమ్మకి తెలుసు. సువార్తమ్మ మా దొడ్లో మిరపకాయలు ఏరేటప్పుడు అడిగింది, "అమ్మగారూ, తమరే ఒకసారి చెబితే ఇనరా?" అని. అమ్మ, "ఈసారి నేనే పోయి చెబుతాలే సువార్తమ్మా" అంది. అదృష్టం కొద్దీ ఒంగోల్లో తాగునీళ్ల మీద కలెక్టరు మీటింగు పడింది. ఏ ఊరికి నీళ్ల గొట్టం వెయ్యాలో అందులో తేలుతుందన్నారు. భర్తలు కాదు, సర్పంచులే రావాలని గట్టిగా కబురొచ్చింది. అమ్మ నాలుగు రోజులు వంటింట్లో ఒకటే మాట సాధన చేసింది. "మా ఊరి చివర కాలనీకి బోరు ఎండిపోయిందండీ." పప్పు మెదుపుతూ, దోసె తిరగేస్తూ, అదే. 'అయ్యా' అనాలా 'సార్' అనాలా అని నన్నడిగింది.

ఆ పొద్దున అమ్మ మంగళగిరి చీర కట్టుకుని, జీవితంలో మొదటిసారి పనిమీద ఆ కారెక్కింది. నన్ను తోడు రమ్మంది. ముందు సీట్లో నాన్న. "కబురు ఆడాళ్లకే, కానీ అక్కడ నీకు ఎవరు తెలుసు?" అని ఆయనా బయల్దేరాడు. బయల్దేరే ముందు యార్డు నుంచి ఎవరో వచ్చి మాటల్లో పెట్టడంతో ఆలస్యమైంది. ఆ ఆలస్యం పూడ్చాలని నాన్న, మట్టిరోడ్డు మీదే తొక్కమని బాజీని తరిమాడు. వెనక టిక్కీల బరువు, ఎదురు వడగాలి. సరిగ్గా కాలనీ ముందుకొచ్చేసరికి బానెట్ కింద ఆవిరి లేచింది. మా ఇంట్లోనే ఆ రోజు నీళ్లు లేక బాజీ క్యాన్లు నింపలేదు.

అప్పటికే ట్యాంకరొచ్చి ఉంది. కాలనీ ఆడవాళ్లంతా బిందెలతో వరసలో ఉన్నారు. కొందరివి నిండాయి, చాలామందివి ఖాళీ. మిరపకోరుకి పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. నాన్న కిందికి దిగి, "ఒరేయ్ బాజీ, రెండు బిందెలు పట్రా, టైమైపోతోంది" అన్నాడు.

"కాసేపు చల్లారనిద్దామండి. వేడి మీద పోస్తే—"

"చల్లారిందాకా కలెక్టరు ఆగుతాడంట్రా?"

బాజీ పోయి అడిగాడు. "తెల్లారుజామునుంచి నిలబడి ఉన్నాం, కారుకి పొయ్యాలా?" అని ఎవరో అన్నారు. సువార్తమ్మ ఆ మనిషిని కసిరింది. "ఊరుకోవే. అమ్మగారు మన నీళ్ల గురించే పోతన్నారు. పొయ్యండి." తన నిండు బిందె తనే ఎత్తి తెచ్చి బాజీ చేతికిచ్చింది. నేను కారు అద్దం ఎత్తబోయాను. ఆ అద్దం పైకి రాదు, ఎప్పుడో చెడిపోయింది. అమ్మ అలాగే కూర్చుని ఉంది, ఒళ్లో రెండు చేతులూ ముడుచుకుని.

బాజీ తిప్పిన మూత ఎగిరిపడింది. మొదటి బిందె పోసింది పోసినట్టే బుసకొట్టి బయటికొచ్చేసింది. ఎర్రటి తుప్పునీళ్లు కాలనీ వాళ్ల కాళ్ల ముందు మట్టిలో పారి ఇంకిపోయాయి. నాన్న రెండోది తెమ్మన్నాడు. అది కూడా ఒక నిండు బిందె. ఎవరిదో నాకు తెలీదు. బాజీ వెనకాడితే నాన్నే లాక్కుని పోశాడు. లోపల టక్‌మని చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు. బాజీ వంగి చూశాడు. పోసిన నీళ్లు ఇంజను పక్కనుంచి ధారగా కారుతున్నాయి. "ఇంజను పగిలిందండి" అన్నాడు మెల్లగా.

వరసలోని ఆడవాళ్లు ఆ ధార మట్టిలో ఇంకడం చూస్తూ నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. అమ్మ తలుపు తీసుకుని దిగింది. కారు ముందుకొచ్చి నిలబడింది.

"బాజీ, బోర్డు విప్పు."

"ఇప్పుడు అదెందుకే, కారు కదలదు" అన్నాడు నాన్న.

"కదలదని నాకూ తెలుసు. దీన్ని పెట్టుకుని ఈళ్ల ముందు నిలబడటం నా వల్ల కాదు. విప్పు బాజీ."

బాజీ నాన్న వైపు చూశాడు. నాన్న రోడ్డు వైపు చూశాడు. బాజీ స్పానరు తీసుకుని కూర్చున్నాడు. బోర్డు వెనక, రేడియేటర్ మీద మళ్లీ పేరుకుపోయిన పత్తి పీచు, మిరప తొడిమలు, ఎండుగడ్డి పొరలు పొరలుగా కనపడ్డాయి. బోర్డు రోడ్డు పక్కన కంచెకి ఆనించి పెట్టాడు. అమ్మ వరస వైపు తిరిగి చేతులు జోడించింది. అంతలో ఒంగోలు బస్సు కనపడితే నా చెయ్యి పట్టుకుని మెయిన్ రోడ్డు మీదికి దాదాపు పరిగెత్తించింది. బస్సులో నిలబడి కూడా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

మేం పోయేసరికి మీటింగు అయిపోయింది. హాల్లో ఫ్యాన్లు ఆపేశారు. గుమస్తా ఒకాయన గుమ్మంలో ఎదురై, ఊరి పేరు విని, "మీ ఆయన రాలేదా? ఆయనైతే మాకు తెలుసు" అన్నాడు. "సర్పంచ్‌ని నేనండీ" అంది అమ్మ. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. ఆయన, "అయ్యో, ఇప్పుడే అందరూ వెళ్లారమ్మా" అని చక్కా పోయాడు. లోపల ఒక మనిషి టీ కప్పులు ఏరుతున్నాడు. అమ్మ ఖాళీ కుర్చీల మధ్యనుంచి నడిచి ఆ మనిషి దగ్గరికి వెళ్లి, "మా ఊరి చివర కాలనీకి బోరు ఎండిపోయిందండీ" అంది. ఆయన కప్పులు పట్టుకుని, "అట్టాగాండీ, పాపం" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఇన్నేళ్లకి కూడా ఆ హాలు తలుచుకుంటే నాకు గోడ వైపే తిరగాలనిపిస్తుంది.

గొట్టం వేరే ఊళ్లకి పోయింది. కారుని పేట నుంచి వచ్చి తుక్కు కింద లాక్కుపోయారు. అమ్మ మర్నాడు పొద్దున్నే మా ఇంట్లోంచి రెండు బిందెలు మోసుకుని కాలనీకి పోతే, సువార్తమ్మ గుమ్మంలోనే, "ఈ నీళ్ల కోసం కాదు గదమ్మా పోసింది" అని తీసుకోలేదట. ఆ తర్వాత అమ్మ మీటింగులకి బస్సులో తనే పోయేది. గట్టిగానే అడిగేది. కానీ గొట్టాల సంగతి ఆ ఏడే తేలిపోయింది. నాన్న మెయిన్ రోడ్డుకి పోవాలంటే కాలనీ ముందునుంచి పోవడం మానేసి, కాలవ కట్ట మీదుగా చుట్టూ తిరిగి పోయేవాడు. చనిపోయేదాకా అదే దారి. బోర్డు ఏమైందని ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు కాలనీకి సిమెంటు రోడ్డుంది. సువార్తమ్మ మనవడి చేతిలో నా దానికంటే మంచి ఫోనుంది. కాస్త అవతల ఎత్తైన వాటర్ ట్యాంకు కూడా ఉంది. కట్టారు గానీ నీళ్లెక్కవట. తాగడానికి ఆటోలో టిన్నులొస్తాయి, కొనుక్కోవాలి. డ్రమ్ములో నీళ్లు వాడుకకే. నా కారు మంగళగిరి నుంచి మండుటెండలో వచ్చింది, సూది సగం దగ్గర్నుంచి కదల్లేదు. దాని రేడియేటర్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. కార్లు కాగడం మానేశాయి. మిగతాదంతా అట్లాగే ఉంది.

చీర ఎట్లాగో ఇచ్చాను. సువార్తమ్మ దాన్ని కళ్లకద్దుకుని, నా చూపు ఎక్కడుందో కనిపెట్టి, కోడిని అదిలించింది. "అయ్యగారిదే. కంచె దగ్గిర పడుంటే తెచ్చి లోపల దాచా అమ్మాయిగారూ. ఎప్పుడన్నా అడుగుతారేమోనని. ఎన్నేళ్లు చూసినా అడగలేదు. అయ్యగారు పోయాక ఇంక ఊరికే ఎందుకని డ్రమ్ము మీద పెట్టుకున్నా. తమరికి కావాలంటే కడిగిస్తా, తీసుకుపోండి." నేను వద్దని తలూపాను. లోపలికి పోయి టిన్నులోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చింది. తాగాను. నేను లేస్తుంటే ఆవిడ రోడ్డు మీద నిలబడ్డ నా కారు వైపు చూసింది. ఎండకి దాని బానెట్ మీద గాలి అలలు అలలుగా కదులుతోంది. గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ, మామూలుగా, చుట్టాన్ని అడిగినట్టు అడిగింది.

"దూరం పోవాలిగా అమ్మాయిగారూ. కారుకేమన్నా నీళ్లు కావాలా?"